రబీఉల్ అవ్వల్ పన్నెండు: ఒక తారీఖు, మూడు సంఘటనలు

అరబీలో ‘తారీఖ్’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి తేదీ, రెండవది చరిత్ర. ఇమామ్ తబరీ (రహ్మలై) రచించిన మహాగ్రంథం పేరులోనూ ఈ మాటే ఉంది. అప్పు పత్రం మీద వేసే తేదీకీ ఇదే మాట. ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చేటప్పుడు ఇది మొదటి అర్థాన్ని మాత్రమే వెంట తెచ్చుకుంది. “ఈ వేళ తారీఖు ఎంత?” అని అడుగుతాం గాని చరిత్ర పుస్తకాన్ని తారీఖు అనం. అరబీ గ్రంథాలను తెలుగు చేసేవారికి ఇది తరచుగా తగిలే చిక్కు. ఒకే వాక్యంలో రెండు అర్థాలూ కలిసి వస్తే రెండింటినీ విడదీయక తప్పదు. ఈ వ్యాసంలో నేను చేయదలచిన పని కూడా అదే: తారీఖును ఒక ప్రక్కన, చరిత్రను ఒక ప్రక్కన పెట్టి చూడడం.

రబీఉల్ అవ్వల్ మాసం పన్నెండవ తేదీ తీసుకుందాం. సామాన్యంగా మన క్యాలెండర్లలో, వక్తల ప్రసంగాల్లో ఈ తేదీకి మూడు సంఘటనలు ముడిపడి ఉంటాయి. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) జన్మించినది ఆ తేదీనే. మక్కా నుండి వలస బయలుదేరి మదీనా పొలిమేరలోని ఖుబాకు చేరుకున్నదీ ఆ తేదీనే. పరమపదించినదీ ఆ తేదీనే. ఈ మూడింటి కలయికను గొప్ప సూచనగా భావించి పరవశించేవారున్నారు. ఈ కలయికనే పట్టుకుని వాదులాడేవారూ ఉన్నారు. “ఆయన పుట్టిన రోజు, సంతోషించవద్దా?” అని ఒకరు, “ఆయన పోయిన రోజు, సంతోషం ఎలా వస్తుంది?” అని మరొకరు. దక్కనులో మన తాతలు ఈ పండుగను ‘బారా వఫాత్’ అనేవారు. వఫాత్ అంటే మరణం. నేడు అదే రోజును ‘మీలాదున్నబీ’ అంటున్నాం. మీలాద్ అంటే పుట్టుక. తేదీ మారలేదు, దాని మీద అతికించిన చీటీ మారింది.

మీలాద్ జరపడం ధర్మసమ్మతమా కాదా అన్నది నేను తేల్చబోయే విషయం కాదు. అది ఫఖీహుల పని. వారు ఎన్నో శతాబ్దాలుగా ఆ పని చేస్తూనే ఉన్నారు. చరిత్ర విద్యార్థిగా నేను అడిగే ప్రశ్న చాలా చిన్నది. ఆ పన్నెండు ఎంత గట్టిది?

ముందుగా ఏది గట్టిదో చెప్పుకుందాం. సోమవారం గట్టిది. సోమవారం నాడు ఉపవాసం ఎందుకు పాటిస్తారని అడిగినప్పుడు, తాను పుట్టినదీ, తనపై దివ్యవాణి అవతరించినదీ ఆ వారమేనని దైవప్రవక్త (సఅసం) స్వయంగా సెలవిచ్చారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఆయన (సఅసం) కన్నుమూసినదీ సోమవారమే. ఆ ఉదయం హజ్రత్ అబూబక్ర్ (రజి) ఫజ్ర్ నమాజు చేయిస్తుండగా గది తెర తొలగించి అనుచరులను చూసి చిరునవ్వు నవ్విన ఘట్టాన్ని హజ్రత్ అనస్ (రజి) వర్ణించారు. అది బుఖారీలో ఉంది. వారం విషయంలో ఇంత స్పష్టత ఉండగా, తేదీ విషయంలో ఆ స్థాయి ఉల్లేఖనం ఒక్కటి కూడా లేదు. ఇది యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. ఆనాటి అరబ్బులు వారాన్ని గుర్తుంచుకునేవారు, ఋతువును గుర్తుంచుకునేవారు, యుద్ధాన్నో కరువునో బట్టి సంవత్సరాన్ని గుర్తుంచుకునేవారు. ‘ఏనుగుల సంవత్సరం’ అన్నది అటువంటి గుర్తే. మాసంలో ఎన్నవ రోజన్నది వారికి బాకీల వసూలుకు, హజ్జ్ యాత్రకు కావాలి గాని బిడ్డ పుట్టుకకు కాదు.

జన్మదినం విషయంలో పూర్వ గ్రంథాలు ఏకీభవించలేదు. ఇబ్నె ఇస్‌హాఖ్ పన్నెండు అన్నారు. ఆయన సీరత్ గ్రంథం ఇబ్నె హిషామ్ కూర్పు ద్వారా లోకమంతా వ్యాపించినందున ఆ పన్నెండూ వ్యాపించింది. కాని రెండు అన్నవారున్నారు, ఎనిమిది అన్నవారున్నారు, పది అన్నవారున్నారు. అసలు మాసమే రమజాన్ అన్నవారు కూడా ఉన్నారు. ఇక్కడ అనువాదకునిగా ఒక మాట. పాత అరబీ గ్రంథాలలో ‘పన్నెండవ తేదీ’ అని ఉండదు. ‘మాసంలో పన్నెండు రాత్రులు గడిచాక’ అని ఉంటుంది. నెల చివరి భాగమైతే ‘ఇన్ని రాత్రులు మిగిలి ఉండగా’ అంటారు. వారికి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అందుచేత లెక్క రాత్రులతోనే. మనం దాన్ని ‘12వ తేది’ అని అచ్చు వేసేసరికి ఆ మాటకు ప్రభుత్వ జనన పత్రానికి ఉన్న ఖచ్చితత్వం వచ్చినట్లు కనిపిస్తుంది. మూలంలో అది లేదు.

పందొమ్మిదవ శతాబ్దంలో మహ్మూద్ పాషా అనే ఈజిప్టు ఖగోళ శాస్త్రవేత్త (ఆయనను ‘ఫలకీ’ అని కూడా అంటారు) ఈ చిక్కును గణితంతో విప్పడానికి పూనుకున్నారు. 1858లో ఫ్రెంచి భాషలో ప్రచురితమైన తన వ్యాసంలో, జన్మదినం రబీఉల్ అవ్వల్ 9, సోమవారం, క్రీ.శ. 571 ఏప్రిల్ 20 అని తేల్చారు. అల్లామా షిబ్లీ నూమానీ తన సీరతున్నబీలో దీన్నే స్వీకరించారు. ఖాజీ సులైమాన్ మన్సూర్‌పూరీ కూడా తొమ్మిదే అన్నారు. ఉర్దూ చదువుకున్న మన ఇళ్ళలో ఎంతో గౌరవం పొందిన రెండు సీరత్ గ్రంథాలూ తొమ్మిది అంటుండగా, ఆ గ్రంథాలను ఉటంకించే మన వక్తలు పన్నెండు అంటూనే ఉన్నారు. ఎవరికీ ఇది వింతగా తోచినట్లు లేదు!

అయితే పాషాగారి లెక్క కూడా ఒక ఊహ మీద నిలబడింది. ఇస్లాంకు ముందు మక్కావాసులు శుద్ధ చాంద్రమానాన్నే పాటించారని ఆ ఊహ. దివ్యఖుర్ఆన్‌లోని తౌబా సూరా ‘నసీ’ని ఖండించింది. మాసాలను వెనుకకు ముందుకు జరిపే ఆచారం అది. ఈ నసీ స్వరూపం ఏమిటన్న దానిపై విద్వాంసులలో భేదాభిప్రాయం ఉంది. యుద్ధం నిషిద్ధమైన మాసాన్ని వాయిదా వేయడమే నసీ అని కొందరు. మన తెలుగు పంచాంగాల్లోని అధిక మాసం వంటిదాన్ని చేర్చడమే నసీ అని మరికొందరు. యూదుల నుండి అరబ్బులు ఈ పద్ధతిని హిజ్రాకు సుమారు రెండు వందల ఏళ్ళ పూర్వం నేర్చుకున్నారని అల్‌బీరూనీ వ్రాశాడు. రెండవదే నిజమైతే, హిజ్రత్‌కు యాభై మూడేళ్ళ వెనుకటి ఒక తేదీని నేటి క్యాలెండరులోకి మార్చడం ఎవరి తరమూ కాదు. మధ్యలో ఎన్ని అధిక మాసాలు వచ్చాయో లెక్క లేదు కదా! హి.శ. 10లో వీడ్కోలు హజ్జ్ సందర్భంగా దైవప్రవక్త (సఅసం) కాలం తిరిగి తన అసలు స్థానానికి వచ్చిందని ప్రకటించారు. అంటే అంతకుముందు అది స్థానం తప్పి ఉన్నదనే గదా అర్థం. ఆ ప్రకటనకు పూర్వపు తేదీలన్నిటినీ ఇంత అనుమానంతో చూడవలసి ఉంది. పాషాగారి గణితం గొప్పదే. కాని దాని ఫలితాన్ని నేను ‘అయి ఉండవచ్చు’ అనే మాటతోనే వ్రాస్తాను.

ఖుబాకు చేరిన రోజు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇబ్నె ఇస్‌హాఖ్ అక్కడా సోమవారం, పన్నెండు అన్నారు. వాడుకలో ఉన్న పట్టికల ప్రకారం హిజ్రీ మొదటి సంవత్సరం రబీఉల్ అవ్వల్ 12 శుక్రవారం అవుతుంది (క్రీ.శ. 622 సెప్టెంబరు 24). సోమవారం కావాలంటే 8వ తేదీ, సెప్టెంబరు 20 తీసుకోవాలి. చాలామంది చరిత్రకారులు అలాగే తీసుకుంటున్నారు.

మూడవ సంఘటన దగ్గరకు వచ్చేసరికి విషయం ఆసక్తికరమవుతుంది. ఇక్కడ ఊహలతో పని లేదు. వేళ్ళ మీద లెక్క పెట్టగల వారెవరైనా సరిచూసుకోవచ్చు. అండలూసియాలోని మాలగాకు చెందిన ఇమామ్ సుహైలీ (మరణం హి.శ. 581, క్రీ.శ. 1185) ఈ లెక్క చేశారు. ఆయన అంధుడు. ఇబ్నె హిషామ్ సీరత్‌కు ‘అర్రౌజుల్ ఉనుఫ్’ అనే వ్యాఖ్యానం చెప్పిన మహా విద్వాంసుడు. ఆయన తర్కం ఇది. వీడ్కోలు హజ్జ్‌లో అరఫా రోజు, అంటే జిల్‌హజ్జ 9, శుక్రవారం. ఇందులో ఎవరికీ సందేహం లేదు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. కాబట్టి జిల్‌హజ్జ 1 గురువారం. అక్కడి నుండి రబీఉల్ అవ్వల్ 1 వరకు మూడు నెలలు: జిల్‌హజ్జ, ముహర్రం, సఫర్. చాంద్రమాసం ఇరవై తొమ్మిది రోజులైనా ఉంటుంది, ముప్పై అయినా ఉంటుంది. మరో మాట లేదు. మూడు నెలలూ ముప్పై రోజులవి అయితే రబీఉల్ అవ్వల్ 1 బుధవారం, 12 ఆదివారం. రెండు ముప్పై, ఒకటి ఇరవై తొమ్మిది అయితే 1 మంగళవారం, 12 శనివారం. ఒకటే ముప్పై అయితే 1 సోమవారం, 12 శుక్రవారం. మూడూ ఇరవై తొమ్మిదే అయితే 1 ఆదివారం, 12 గురువారం. ఏ విధంగా త్రిప్పినా పన్నెండు సోమవారం కాదు. నిర్యాణం సోమవారమన్నది నిర్వివాదం. కనుక అది పన్నెండు కాజాలదు!

ఈ లెక్కను పూర్వులు దాచిపెట్టలేదు, పట్టించుకోకుండానూ పోలేదు. హాఫిజ్ ఇబ్నె కసీర్ (మరణం హి.శ. 774, క్రీ.శ. 1373) దీనికొక సమాధానం సూచించారు. మక్కాలో జిల్‌హజ్జ నెలవంక బుధవారం సాయంత్రం కనిపించి గురువారం ఒకటవ తేదీ అయి ఉండవచ్చు. మదీనాలో ఒక రోజు ఆలస్యంగా కనిపించి శుక్రవారం ఒకటవ తేదీ అయి ఉండవచ్చు. ఆపైన మూడు నెలలూ ముప్పై రోజులవే అయితే మదీనావాసుల లెక్కలో పన్నెండు సోమవారమే అవుతుంది. సమాధానం అసాధ్యం కాదు. నెలవంక ఒక ఊరిలో కనిపించి మరో ఊరిలో కనిపించకపోవడం మనం ప్రతి రమజాన్‌లోనూ చూస్తున్నదే. కాని రెండు వేర్వేరు షరతులు ఒకేసారి నెరవేరితే తప్ప ఇది నిలవదు. తేదీని కాపాడడానికి షరతులను వెదికినట్లుందే గాని, షరతుల నుండి తేదీ వచ్చినట్లు లేదు. ఇబ్నె కసీర్ వంటి మహనీయుని పట్ల పూర్తి గౌరవంతోనే, నేను సుహైలీ పక్షం వహిస్తాను. ఇంగ్లీషు పుస్తకాల నుండి మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చిన 632 జూన్ 8 అనే తేదీ సంగతి కూడా ఇదే. సామాన్య పట్టిక ప్రకారం ఆ పన్నెండు జూన్ 7, ఆదివారం. సోమవారం కోసం ఒక రోజు జరిపితే జూన్ 8 వచ్చింది.

ఇప్పుడు వీధి చివర జరిగే వాదానికి తిరిగి వద్దాం. “పన్నెండు జన్మదినం” అనేవారి చేతిలో ఒక ఉల్లేఖనం ఉంది. దానికి పోటీగా మరి నాలుగు ఉన్నాయి. “పన్నెండు నిర్యాణ దినం, ఆ రోజు వేడుక ఎలా చేస్తారు?” అని ఎదురు ప్రశ్న వేసేవారు తమ వాదం మరింత శాస్త్రీయమైనదని భావిస్తారు. నిజానికి వారిదే మరింత బలహీనం. జన్మదినం పన్నెండు కావచ్చు, కాకపోవచ్చు. నిర్యాణం పన్నెండు కాదని గణితమే చెబుతున్నది. మీలాద్‌ను కాదనదలచినవారికి వేరే ప్రమాణాలుంటే వాటిని చూపించుకోవచ్చు. ఈ తేదీని మాత్రం సాక్ష్యానికి పిలవకూడదు. ఒకే ఊరిలో, ఒకే వీధిలో, ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసే అన్నదమ్ములు ఏటా ఈ నెలలో గోడ పత్రికల మీద ఒకరినొకరు నిందించుకుంటూ ఉంటే, ఆ నిందలకు ఆధారం ఎవరూ సరిచూడని ఒక అంకె కావడం చూస్తే బాధ కలుగుతుంది.

తేదీల కలయికకు ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్న దైవప్రవక్త (సఅసం) ఎదుటికే వచ్చింది. దానికి ఆయన సమాధానం కూడా చెప్పారు. హజ్రత్ మారియా (రజి) గర్భాన జన్మించిన ఇబ్రాహీమ్ రెండేళ్ళయినా నిండకుండానే మరణించాడు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ఇబ్రాహీమ్ మరణం వల్లనే సూర్యుడు నల్లబడ్డాడని మదీనా ప్రజలు అనుకున్నారు. వారిది దురుద్దేశం కాదు, ప్రేమ. కొడుకును మట్టిలో కప్పి వచ్చిన తండ్రి ఆ ప్రేమను మౌనంగా స్వీకరించి ఉంటే ఎవరు తప్పుపట్టేవారు? ఆయన అలా చేయలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలోనివని, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదని ప్రజలకు స్పష్టం చేసి, నమాజు వైపు, దుఆ వైపు వారిని మళ్ళించారు. హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. గమనించండి, ‘చావు కోసం’ అని మాత్రమే కాదు, ‘పుట్టుక కోసం’ అని కూడా అన్నారు. ఆనాటి సందర్భంలో పుట్టుక ప్రసక్తే లేదు.

ఈ ఉదంతానికి మరో ముఖం ఉంది. వాఖిదీ అనే చరిత్రకారుడు ఇబ్రాహీమ్ మరణ తేదీని రబీఉల్ అవ్వల్ 10 అని నమోదు చేశాడు. మళ్ళీ అదే మాసం! కాని సూర్యగ్రహణం పదవ తేదీన ఎలా పడుతుంది? అమావాస్య నాడు తప్ప సూర్యగ్రహణం పట్టదని పల్లెలో పంచాంగం చూసే పెద్దకు సైతం తెలుసు. చాంద్రమాసంలో అది నెలాఖరు. ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మలై) ఈ కారణం చూపే వాఖిదీ మాటను తోసిపుచ్చారు. అంతకు రెండు శతాబ్దాల ముందే ఇమామ్ గజాలీ (రహ్మలై) గ్రహణ గణితాన్ని మతం పేరిట నిరాకరించేవారు మతానికే హాని చేస్తున్నారని తహాఫుత్ ఉపోద్ఘాతంలో హెచ్చరించారు. మన విద్వాంసుల సంప్రదాయం ఇది. ఉల్లేఖకుడు ఎవరన్నది చూస్తారు, ఆపైన లెక్క కుదిరిందా అన్నది కూడా చూస్తారు.

ఆ గ్రహణాన్ని నేటి ఖగోళ గణితం క్రీ.శ. 632 జనవరి 27, సోమవారంగా గుర్తిస్తున్నది. హిజ్రీ 10 షవ్వాల్ చివర. మహ్మూద్ పాషా తన లెక్కకు ఆధారంగా నిలుపుకున్నదీ ఈ గ్రహణాన్నే. అంటే సీరత్ మొత్తంలో ఆకాశమే సాక్ష్యం చెప్పి నిర్ధారించిన తేదీ ఏదైనా ఉంటే, అది ఇదే. ఏ సంఘటన తేదీకి ఏ ప్రత్యేకార్థమూ అంటగట్టవద్దని దైవప్రవక్త (సఅసం) వారించారో, ఆ సంఘటన తేదీయే మనకు ఖచ్చితంగా దక్కింది.

ఆయన అనుచరులు ఈ పాఠాన్ని మరచిపోలేదు. హి.శ. 16 లేదా 17లో (క్రీ.శ. 637-638 ప్రాంతంలో) హజ్రత్ ఉమర్ (రజి) కొలువులో తేదీల సమస్య వచ్చింది. షాబాన్‌లో చెల్లించవలసిన ఒక పత్రం ఆయన ముందుకు వచ్చినప్పుడు, ఏ షాబాన్, గడిచినదా, నడుస్తున్నదా, రాబోయేదా అని ఆయన అడిగారట. తమకు వచ్చే ఉత్తరాలపై తేదీ ఉండడం లేదని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) వ్రాశారని కూడా ఉంది. పాలన విస్తరించింది, శకం కావాలి. సంప్రదింపులు జరిగాయి. ప్రవక్త జననం నుండి లెక్కిద్దామా, ప్రవక్తృత్వం నుండా, హిజ్రత్ నుండా, నిర్యాణం నుండా అన్న ప్రతిపాదనలు వచ్చాయి. హిజ్రత్ నిలిచింది. జననాన్నో నిర్యాణాన్నో ఎందుకు తీసుకోలేదన్న దానికి హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మలై) చెప్పిన కారణం చదవదగినది. జననం, ప్రవక్తృత్వారంభం రెండింటి కాలనిర్ణయంలోనూ అభిప్రాయభేదం ఉంది. నిర్యాణం దుఃఖాన్ని రేపుతుంది. కాబట్టి హిజ్రత్ మిగిలింది. అంటే ఆయనను కళ్ళారా చూసినవారు బ్రతికి ఉన్న తరంలోనే జన్మదినం నలుగురూ ఒప్పుకునే తేదీగా లేదని ఇబ్నె హజర్ భావం.

అంతటితో ఆగలేదు. హిజ్రత్‌ను శకారంభంగా తీసుకున్నారే గాని, ఖుబాకు చేరిన రబీఉల్ అవ్వల్‌ను సంవత్సరారంభంగా తీసుకోలేదు. ముహర్రంను తీసుకున్నారు. హజ్జ్ ముగించుకుని జనం ఇళ్ళకు తిరిగి వచ్చే మాసం అది. హిజ్రత్ సంకల్పం ఆ రోజుల్లోనే మొదలైందని కూడా అన్నారు. సంఘటనను తీసుకున్నారు, దాని తేదీని వదలివేశారు. మన పూర్వులు తారీఖ్ అనే మాటలోని రెండు అర్థాలనూ ఇంత తేలికగా విడదీయగలిగారు. వెయ్యేళ్ళ పైచిలుకు తర్వాత టిప్పు సుల్తాన్ ‘మౌలూదీ’ అనే శకాన్ని 1787 ప్రాంతంలో నాణేల మీదికి తెచ్చాడు. పేరు జన్మశకం. లెక్క చూస్తే హిజ్రత్‌కు పదమూడేళ్ళ ముందు నుండి, అంటే దివ్యవాణి మొదలైన కాలం నుండి. రాజాజ్ఞ ఉన్నా ఆ శకం ఆయనతోనే పోయింది. దాని కథ వేరే వ్యాసానికి తగినది.

ఒక తేదీకి పేరు వస్తే దాని చుట్టూ ఇతర సంఘటనలు చేరడం మొదలవుతుంది. ముహర్రం పది దీనికి మంచి ఉదాహరణ. హజ్రత్ మూసా (అలై), ఆయన జాతి ఫిరౌన్ బారి నుండి ఆ రోజు బయటపడ్డారన్నది బుఖారీ, ముస్లింలలో ఉన్న విషయం. హి.శ. 61 (క్రీ.శ. 680)లో ఇమామ్ హుసైన్ (రజి) కర్బలాలో అమరులైనది ఆ రోజే. ఇది చరిత్ర. ఈ రెండింటికీ మధ్య ఏ కార్యకారణ సంబంధమూ లేదు. కాని తర్వాతి కాలంలో హజ్రత్ ఆదమ్ (అలై) పశ్చాత్తాపం స్వీకరించబడినదీ, నూహ్ (అలై) ఓడ నిలిచినదీ, ఇబ్రాహీమ్ (అలై) అగ్ని నుండి రక్షింపబడినదీ, ఇంకా ఎన్నో, అన్నీ ఆ పదవ తేదీకే చేరాయి. ఇటువంటి పొడవాటి ఉల్లేఖనాన్ని ఇబ్నుల్ జౌజీ (రహ్మలై) కల్పిత హదీసుల సంపుటిలో చేర్చారు. దీని అవసరం ఎవరికి కలిగింది? నా దృష్టిలో, కర్బలా దుఃఖం ఆ రోజును ముంచెత్తకుండా ఆపాలనుకున్నవారికి కొంత, ఏ రోజైనా పవిత్రమైతే దానికి సాక్ష్యాలు కూడబెట్టాలనుకునే కథకులకు కొంత. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ నాడు డప్పు కొట్టేవారిని అడగండి. అక్కడ హిందువులూ ముస్లిములూ కలిసి పీర్లను ఎత్తుకుంటారు. ఆ ఆచారాల మీద విద్వాంసులకు అభ్యంతరాలున్నాయి, అవి నాకూ తెలుసు. కాని వారి నోట వచ్చే పేర్లు హసన్, హుసేన్. ఆ పల్లె మనిషి పదవ తేదీన ఒక మనిషి ఎందుకు చనిపోయాడో గుర్తుంచుకున్నాడు. మన కరపత్రాలేమో ఆ రోజు జరిగినట్లు చెప్పే సంఘటనల జాబితా వేస్తున్నాయి.

రబీఉల్ అవ్వల్ విషయంలో ఒకప్పుడు ఇంత పట్టుదల లేదనడానికి ఇర్బిల్ నగరం సాక్ష్యం. నేటి ఉత్తర ఇరాఖ్‌లోని ఆ పట్టణాన్ని పాలించిన ముజఫ్ఫరుద్దీన్ (మరణం హి.శ. 630, క్రీ.శ. 1233) మౌలిద్‌ను అట్టహాసంగా జరిపించి పేరుకెక్కాడు. సున్నీ లోకంలో మీలాద్ సభల చరిత్ర చెప్పేవారు సాధారణంగా ఆయనతోనే మొదలుపెడతారు. ఆ ఊరిలోనే పుట్టిన ఇబ్నె ఖల్లికాన్ ఆ వేడుకలను వివరంగా వర్ణించారు. అందులో ఒక చిన్న వివరం ఉంది. తేదీ విషయంలో అభిప్రాయభేదం ఉన్నందున ఆ పాలకుడు ఒక ఏడు 8వ తేదీన, మరో ఏడు 12వ తేదీన మౌలిద్ జరిపేవాడు. మీలాద్‌ను సమర్థించేవారు ఆయనను తరచుగా ఉదహరిస్తారు. ఈ వివరాన్ని మాత్రం చెప్పరు. వ్యతిరేకించేవారు ఆయనను విమర్శిస్తారు, వారూ చెప్పరు.

మన హైదరాబాదులోనే ఇటీవల ఇటువంటిది జరిగింది. 2023లో రబీఉల్ అవ్వల్ 12, గణేశ్ నిమజ్జనం రెండూ సెప్టెంబరు 28నే వచ్చాయి. రెండు ఊరేగింపులు ఒకే రోజు అవే వీధుల్లో నడిస్తే ఏమి కావచ్చునో పాతబస్తీ ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. మీలాద్ జులూస్ నిర్వాహకులు తమ ఊరేగింపును అక్టోబరు 1కి జరుపుకున్నారు. 2024లో నిమజ్జనం సెప్టెంబరు 17న, మీలాద్ దానికి ఒక రోజు ముందు వచ్చినప్పుడు మళ్ళీ జులూస్‌ను 19వ తేదీకి మార్చారు. జులూస్ ఉండాలా వద్దా అన్న వాదం అలాగే ఉంది. కాని దాన్ని జరపాలని కోరేవారే, పొరుగువారి కోసం, ఊరి శాంతి కోసం, పన్నెండును వదలి ముందుకు జరిగారు. వారిలో ఎవరూ సుహైలీ లెక్కను చూసి ఈ పని చేసి ఉండరు. 2023 అక్టోబరు 1న రబీఉల్ అవ్వల్ పదిహేను. జులూస్ ఆ రోజే బయలుదేరింది.